పంతొమ్మిది అడుగులు

ట్రూడీ బల్లమీద పటం పరిచింది.
గోల్ఫ్ పచ్చికలు, చెరువులు, క్లబ్బులు,
ఇళ్ళు మాత్రం చెయ్యిజారిన ఆవాల్లా
కాగితం అంచు దాటి దక్షిణానికి దొర్లుతూనే ఉన్నాయి.
"అందరూ యాభై అయిదు దాటినవాళ్ళే" అంది,
పంట దిగుబడి చెప్తున్నట్టు.

ఇల్లు కట్టి చూడమన్నారు.
డెబ్భై మూడేళ్ళకి ఇల్లు కొని చూడమని
ఎవరూ అన్నట్టు లేదు.

చల్లకొచ్చి ముంత దాచడం దేనికని
ఉన్నమాట చెప్పేశాను:
హార్లన్‌కి చూపు అంచులనుంచి లోపలికి మూసుకొస్తోంది.
ఇంకో ఏడాది కారు,
తర్వాత నాలుగేళ్ళు గోల్ఫ్ బండి, అదీ నేను నడిపితే.
ఆ తర్వాత నా మోచెయ్యి.
ఆ మోచేతికి ఎంత దూరంలో ఏముందో చూపించు.

ఉత్తరాన పాత ఇళ్ళు. ఓక్ చెట్లకి వేలాడే బూడిదరంగు నాచు,
మంచి నీడ, చవక.
స్నానాలగది తలుపుకి టేపు పెట్టాను.
ఇరవై నాలుగు అంగుళాలు.
చక్రాల కుర్చీ సంగతి నేను అనలేదు, ట్రూడీ అడగలేదు.

కూడలి పక్కన అపార్ట్‌మెంటు.
రాత్రి తొమ్మిదిదాకా బ్యాండు, తెల్ల బూట్లతో నాట్యాలు.
కాఫీ చల్లారేలోపు రెండు అంబులెన్సులు వెళ్ళాయి,
ఒక్కరూ అడుగు తప్పలేదు.

దక్షిణాన కొత్త వీధులు, గోడలకింకా రంగు వాసన,
పిట్ట వాలడానికి ఒక్క కొమ్మ లేదు.
రోడ్లకీ పైపులకీ అయిన అప్పు
ఇంటితోపాటే వస్తుందట, ముప్ఫై ఏళ్ళ వాయిదాల్లో.
"ముప్ఫయ్యేళ్ళా!" అని హార్లన్
మెట్టుమీద కూలబడి మరీ నవ్వాడు.
ట్రూడీ కూడా నవ్వాలా వద్దా అని నావైపు చూసింది.

నాలుగోది నీళ్ళ ఒడ్డున.
ముసళ్ళున్నాయని బోర్డు, దాని నెత్తిన ఒక కొంగ.
ముప్ఫై ఒక్క ఏళ్ళు సుపీరియర్ సరస్సుమీద
ఇనుప ఖనిజం మోసిన ఓడలో పనిచేసినవాడు
వరండా చివరికి వెళ్ళి, జాలీకి నుదురానించి
కదల్లేదు.
"దృశ్యానికి నలభై వేలు ఎక్కువ" అంది ట్రూడీ మెల్లిగా.

"కనపడని నీళ్ళకి నలభై వేలా?"

అన్నది నేనే.
గొంతు కూడా తగ్గించలేదు.

కారులో ఏసీ హోరు ఒక్కటే.
అయిదో ఇంటి ముందు ఆగేదాకా
అతని చేతులు మోకాళ్ళమీద, పరాయి చేతుల్లా.

అయిదోదానికి చెప్పుకోడానికేం లేదు.
వెడల్పాటి తలుపులు. కిటికీ తీస్తే పక్కావిడ వంటగది.
ఆవిడే వచ్చింది, చేతిలో కారుతున్న గొట్టంతో,
ఒడెస్సా ప్రూయిట్, జార్జియాలో టెలిఫోన్ ఆఫీసు, రిటైరు.
చెత్తబండి మంగళవారం, శుక్రవారం అంది.
"పొద్దున ఎనిమిదికల్లా కర్టెన్ తియ్యండి,
తియ్యకపోతే తలుపు కొడతాను.
నాది తెరుచుకోకపోతే మీరు కొట్టండి.
ఇదివరకున్న లూథర్‌కీ నాకూ ఇదే ఒప్పందం.
మార్చిలో అతని కర్టెన్ తెరుచుకోలేదు."
ఇది ఇల్లు అమ్మే మాట కాదని
ట్రూడీ దగ్గింది.

మేం లెక్కలు చూసుకుంటుంటే హార్లన్ కనపడలేదు.
గుమ్మంలోకి వచ్చాను.
అతను ఆవిడ తలుపు దగ్గరనుంచి
ఒంటరిగా తిరిగొస్తున్నాడు, పెదాలు కదుపుతూ.
"పంతొమ్మిది అడుగులు, అయోనీ. ఒక మెట్టు.
ఇది తీసుకుందాం."

తీసుకున్నాం.
ఒక ఆదివారం మొద్దునిద్ర పోతే
ఎనిమిదీ అయిదుకి తలుపు దడదడలాడింది.
"బతికే ఉన్నాం" అన్నాడు హార్లన్.
"అయితే కర్టెన్ ఏం పాపం చేసింది?" అంది ఒడెస్సా, నోట్లో టోస్టు.

నీళ్ళ ఇల్లు ఎవరో మిల్వాకీవాళ్ళు కొన్నారు.
కొన్ని సాయంత్రాలు బండి అటు తిప్పమంటాడు.
వాళ్ళ కంచె దగ్గర ఆపుతాను.
నలభై వేల మాట ఇప్పటికీ మామధ్య ఎత్తలేదు,
నేనూ ఎత్తలేదు, క్షమించమనడానిక్కూడా.

"ఇవాళ ఏ రంగు?" అంటాడు.
చూసి చెప్తాను.
నిన్న తుప్పు రంగులో ఉంది.
"ఆఁ" అన్నాడు,
చాలాసేపటిదాకా వెళ్దామనలేదు.